పేజీలో ఆమె ఎక్కడ, డెస్కులో ఆమె ఎక్కడ: న్యూస్‌రూంలో లెక్క తీసే పద్ధతి

ఆడవాళ్ల పట్ల వివక్ష ఉందా లేదా అని న్యూస్‌రూంలో అడిగితే వాదన మొదలవుతుంది, తేలదు. "మా దగ్గర అలాంటిదేం లేదు" అని ఎడిటర్ నమ్మకంగానే అంటారు. పడుతున్నవాళ్లు ఒక్కో సంఘటన చెబుతారు, ఒక్కోదానికీ ఒక్కో సంజాయిషీ దొరుకుతుంది. అందుకే అభిప్రాయాలు పక్కన పెట్టి లెక్క తీయాలి. అదీ రెండు చోట్ల, ఒకే కాలానికి తీయాలి: అచ్చయిన పేజీలో ఒకటి, ఆ పేజీని తయారుచేసే గదిలో ఒకటి. పేజీ ఒక్కటే లెక్కపెడితే రోగం తెలుస్తుంది కానీ కారణం తెలియదు. రాజకీయ వార్తల్లో ఆడవాళ్ల గొంతు ఎందుకు లేదో చాలాసార్లు ఆ బీటు, అంటే ఆ వార్తలు చూసే బాధ్యత, ఎవరెవరికి ఇచ్చారన్న రిజిస్టరే చెబుతుంది.

పోల్చుకోవడానికి ఒక అంకె దగ్గర పెట్టుకోండి. జీఎంఎంపీ అనే ప్రపంచ మీడియా పర్యవేక్షణ ప్రాజెక్టు 1995 నుంచి ఐదేళ్లకోసారి ఎన్నో దేశాల్లో ఒకే రోజు వార్తలను లెక్కపెడుతోంది. వార్తల్లో కనిపించే, వినిపించే మనుషుల్లో స్త్రీలు 1995లో 17 శాతం. 2010లో 24, 2015లోనూ 24, 2020లో 25. పాతికేళ్లలో ఎనిమిది పాయింట్లు. మీ అంకె 27 వచ్చిందని సంబరపడే ముందు ఈ సగటు ఎంత తక్కువో గుర్తుంచుకోండి.

ఏ రోజులు ఎంచుకోవాలి

వరసగా ఒక వారం తీసుకోవద్దు. ఆ వారంలో ఒక ఎన్నికో, పెద్ద ప్రమాదమో, క్రీడల పండగో వస్తే లెక్కంతా అటే ఒరిగిపోతుంది. దానికి బదులు వారాన్ని కూర్చుకోవాలి: మొదటి వారంలో సోమవారం, రెండో వారంలో మంగళవారం, మూడో వారంలో బుధవారం, ఇలా ఏడు వారాల్లో ఏడు రోజులు. ఒక దినపత్రిక ఏడాది మొత్తానికి ఇలాంటి రెండు కూర్చిన వారాలు, అంటే 14 రోజులు సరిపోతాయని రిఫ్, ఆస్ట్, లేసీ అనే పరిశోధకులు 1993లో చూపించారు. మహిళా దినోత్సవమైన మార్చి 8 ఈ రోజుల్లో పడితే దాన్ని వదిలి, మరో వారంలో అదే రోజు తీసుకోండి. ఆ ఒక్కరోజు పేజీల నిండా కనిపించే ఆడవాళ్లు మీ ఏడాది అంకెను అబద్ధం చేస్తారు.

టీవీ అయితే రోజూ అదే ప్రధాన బులెటిన్ రికార్డు చేసుకోవాలి. వెబ్‌సైటుతో ఒక చిక్కుంది, హోం పేజీ గంటగంటకూ మారుతుంది. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడు నిర్ణీత వేళల్లో స్క్రీన్‌షాట్ తీసి, ఒక్కోదాంట్లో పైనుంచి 15 వార్తలు తీసుకోండి. తర్వాత తీరిగ్గా చూద్దామంటే శీర్షిక మారిపోతుంది, ఫొటో మారిపోతుంది, మీరు చూసింది నిరూపించలేరు.

ఎంత సమయం పడుతుందో ముందే తెలుసుకోవడానికి ఒక రోజు పేజీలు ప్రయోగంగా నింపి గడియారం చూసుకోండి. దాన్ని 14తో హెచ్చించి, ఆ గంటలను డ్యూటీ గంటల్లోనే ఇవ్వమని అడగండి. ఖాళీ దొరికినప్పుడు చేద్దామనుకున్న లెక్కలు సాధారణంగా నాలుగో రోజుకే ఆగిపోతాయి. పైగా ఆ పని అడక్కుండానే ఏ మహిళా సబ్‌ఎడిటర్ నెత్తినో పడుతుంది.

ఒక్కో వరసకు ఒక్కో మనిషి

లెక్కకు ప్రమాణం వార్త కాదు, వార్తలోని మనిషి. ఒక వార్తలో ఐదుగురు మాట్లాడితే లెక్క రాసుకునే షీటులో ఐదు వరసలు. వార్తను ప్రమాణంగా తీసుకుంటే "ఈ వార్తలో మహిళ ఉంది" అని టిక్ పడిపోతుంది. నలుగురు మగవాళ్లు ఎనభై పదాల చొప్పున మాట్లాడారనీ ఆమెది చివరి పేరాలో ఒక్క వాక్యమేననీ ఆ టిక్ చెప్పదు.

కాలమ్‌లు ఇవి: తేదీ, పేజీ లేదా ప్రసార సమయం, వార్త విషయం, రాసినవారు స్త్రీయా పురుషుడా, వార్తలోని మనిషి ఎవరు, ఏ హోదాలో వచ్చారు, నేరుగా మాట ఉందా, ఆ మాట ఎన్ని పదాలు, వృత్తి చెప్పారా, కుటుంబ బంధం చెప్పారా, వయసు చెప్పారా, ఫొటో ఉందా, క్రియ చివర ఏముంది. ఈ ఆఖరి కాలమ్ సంగతి కింద విడిగా చెబుతాం.

అన్నిటికన్నా ముఖ్యమైనది హోదా కాలమ్. జీఎంఎంపీ వాడే వర్గాలనే వాడండి: వార్తకు కేంద్రమైన వ్యక్తి, సంస్థ ప్రతినిధి, నిపుణులు, సొంత అనుభవం చెప్పినవారు, ప్రత్యక్ష సాక్షి, జనాభిప్రాయం చెప్పినవారు. బాధితులా అన్నది వేరే కాలమ్. మొత్తం శాతం ఎప్పుడూ అసలు సంగతిని దాచేస్తుంది. ఉదాహరణకు 14 రోజుల్లో 500 మంది వచ్చారు, అందులో 125 మంది స్త్రీలు అనుకుందాం. పాతిక శాతం. విడదీసి చూస్తే జనాభిప్రాయం చెప్పిన 80 మందిలో 38 మంది స్త్రీలు, నిపుణులు 100 మందిలో 12 మంది అని తేలవచ్చు. ధర పెరిగితే ఇబ్బంది చెప్పడానికి ఆమె దగ్గరికి వెళ్లారు, ధర ఎందుకు పెరిగిందో వివరించడానికి ఆయన దగ్గరికి వెళ్లారు అని ఆ రెండంకెలు చెబుతాయి. మార్పు మొదలుపెట్టాల్సింది అక్కడే.

గుంపులను లెక్కపెట్టొద్దు. "కార్మికులు నిరసన తెలిపారు" అంటే అందులో ఎవరున్నారో తెలియదు. సంస్థల పేర్లూ అంతే. మనిషి స్త్రీయో పురుషుడో పేరును బట్టి ఊహించొద్దు. ఇద్దరికీ పెట్టే పేర్లు ఎన్నో ఉన్నాయి, ఇంటిపేరొక్కటే ఇచ్చిన వార్తలూ ఉంటాయి. ఫొటో, క్రియ, వార్తలోని మాట, ఏ ఆధారమూ లేకపోతే "తెలియదు" అని రాయండి. ట్రాన్స్ వ్యక్తులు తమను తాము ఎలా చెప్పుకుంటే అలాగే నమోదు చేయాలి. వార్తలో అలా చెప్పకుండా మరోలా రాసి ఉంటే అది కూడా గుర్తించాల్సిన తప్పే. "తెలియదు" గడి పదో వంతు దాటితే లెక్కలో కాదు, మీ రిపోర్టింగ్‌లోనే లోపముంది. మాట్లాడినవారెవరో పాఠకులకు చెప్పడం లేదన్నమాట.

మీ చేతిలో ఉన్నదీ లేనిదీ కూడా ఒక కాలమ్‌లో గుర్తుపెట్టండి. దేశాధినేత ప్రకటన వార్త అయితే ఆయన బదులు ఇంకొకరిని తేలేరు, వ్యాఖ్యానించే నిపుణులను మీరే ఎంచుకుంటారు. బీబీసీలో వార్తా వ్యాఖ్యాత రాస్ ఆట్కిన్స్ 2017లో మొదలుపెట్టిన, స్త్రీపురుషులు సగంసగం ఉండేలా చూసే 50:50 పద్ధతికి ఇదే మూలం: మన చేతిలో ఉన్న మనుషులను మాత్రమే లెక్కపెట్టాలి. మా సలహా ఇంకొంచెం కఠినం. రెండూ లెక్కపెట్టండి, రెండు అంకెలూ పక్కపక్కన చూపించండి. లేకపోతే "అది మా చేతిలో లేదు" అన్న గడి నెలనెలా ఉబ్బుతూ పోతుంది.

ఇద్దరు చూస్తే ఒకటే రావాలి

వరసల్లో పదో వంతు ఇద్దరు విడివిడిగా, ఒకరిదొకరు చూడకుండా నింపాలి. తర్వాత పోల్చాలి. ఇక్కడ చాలామంది మామూలు శాతం చూసి మోసపోతారు. వార్తల్లో 80 శాతం మగవాళ్లే ఉంటే, పేజీ తెరవకుండా గుడ్డిగా నింపే ఇద్దరు కూడా యాదృచ్ఛికంగా 68 శాతం ఏకీభవిస్తారు: ఇద్దరూ "పురుషుడు" అనే అవకాశం 0.8 × 0.8 = 0.64, ఇద్దరూ "స్త్రీ" అనే అవకాశం 0.2 × 0.2 = 0.04. కాబట్టి 84 శాతం ఏకీభావం వచ్చిందంటే గొప్ప కాదు. యాదృచ్ఛిక భాగం తీసేసి చూస్తే (84 − 68) ÷ (100 − 68), అంటే 0.5. దీన్నే కోహెన్ కప్పా అంటారు. 0.8 దాటితే ధీమాగా ముందుకు వెళ్లండి. అంతకన్నా తక్కువైతే గొడవ ఏ కాలమ్‌లో వస్తోందో చూసి, దాని నిర్వచనం మళ్లీ రాసుకోండి. సాధారణంగా గొడవ వచ్చేది "నిపుణులు", "సంస్థ ప్రతినిధి" మధ్య. ఆస్పత్రి తరఫున మాట్లాడిన వైద్యురాలు ఎందులోకి వస్తారు? సంస్థ విషయం చెబితే ప్రతినిధి, జబ్బు గురించి చెబితే నిపుణురాలు. ఇలాంటి తీర్పులన్నీ ఒక పేజీలో రాసిపెట్టి షీటుకు తగిలించండి.

క్రియ చివర

వేరే భాషల్లో రాసిన మార్గదర్శకాలు తెచ్చి పెట్టుకుంటే బోల్తా పడేది ఇక్కడే. తెలుగులో చిన్నచూపు ఎక్కువగా క్రియ చివర కూర్చుంటుంది. ఏకవచనంలో స్త్రీకీ వస్తువుకీ ఒకటే ప్రత్యయం: ఆమె వచ్చింది, బస్సు వచ్చింది. మగవాడికి మాత్రం "వచ్చాడు" అని విడిగా ఉంది. ఇది వ్యాకరణం, డెస్కు మార్చగలిగింది కాదు. "వచ్చారు" ఎవరికి వాడాలన్నది మాత్రం పూర్తిగా డెస్కు నిర్ణయమే.

అందుకే షీటులో డు, ది, రు అని కాలమ్ పెట్టమన్నాం. ఒకే స్థాయి మనుషులను పోల్చండి: పురుష శాస్త్రవేత్త "తెలిపారు", మహిళా శాస్త్రవేత్త "తెలిపింది" అని ఎన్నిసార్లు వచ్చింది? క్రీడల పేజీ, సినిమా పేజీ విడిగా తీయండి, తేడా అక్కడే ఎక్కువ. ఈ కాలమ్ ఇంకో సంగతీ బయటపెడుతుంది. కూలీ పనిచేసే మనిషికి, ఆడైనా మగైనా, "రు" దక్కదు. అదీ రాసుకోండి, దిద్దాల్సిందే.

నియమం ఒక్క వాక్యంలో ఉండాలి: వార్తలో మాట్లాడిన, లేదా ఎవరి గురించి వార్త ఉందో ఆ పెద్దవాళ్లందరికీ "రు". నిందితులకు ఏకవచనం వాడే ఆనవాయితీ మీకుంటే స్త్రీపురుషులకు ఒకేలా వాడండి. నియమం పెట్టాక కూడా తప్పు ఎక్కడ జారుతుందంటే, వార్తా ఏజెన్సీ పంపిన కాపీనీ సొంత విలేకరి కాపీనీ కలిపి అతికించినప్పుడు. మొదటి పేరాలో "వెల్లడించారు", మూడో పేరాలో అదే మనిషి "చెప్పుకొచ్చింది". పేజీ వదిలే ముందు ఫైలులో "ంది" అని ఒకసారి, "ాడు" అని ఒకసారి వెతకండి. రెండు నిమిషాల పని. "ఉంది", "ప్రారంభమైంది" లాంటివి వదిలేసి, మనుషులకు తగిలినవి సరిచేయండి.

తర్వాత మాటలు. పరీక్ష సులువు: ఆ చోట మగవాణ్ని పెట్టి చదవండి. "వివాహిత ఆత్మహత్య" అని శీర్షిక పెడతాం, "వివాహితుడి ఆత్మహత్య" అని పెట్టం. "ఇద్దరు పిల్లల తల్లి" మోసం చేసింది అంటాం, మోసం చేసినవాడికి ఎంతమంది పిల్లలో అడగం. మగ దొంగ "ఘరానా దొంగ" మాత్రమే, అతను మగవాడు కావడం వార్త కాదు. ఆడది దొంగతనం చేస్తే "కిలేడీ", "మాయలేడీ". "మహిళా పైలట్", "లేడీ కండక్టర్" అన్నచోట "మహిళా" తీసేసి చదవండి. అర్థం మారకపోతే అది అక్కర్లేదు. ఆ ఉద్యోగంలో ఆమె మొదటి మహిళ అయితే ఉంచండి, అప్పుడు అదే వార్త.

నేర వార్తల్లో మాట ఇంకా బరువైనది. "మానభంగం", "చెరిచాడు", "శీలం" అన్న మాటలు పోయింది ఆమె పరువే అంటున్నాయి. నేరం చేసినవాడి మీద వాటిలో మచ్చ కూడా పడదు. "అత్యాచారం", "లైంగిక దాడి" అంటే చాలు. "ప్రేమోన్మాది ఘాతుకం" అన్న శీర్షిక తెలుగు డెస్కులు వెంటనే మానేయాల్సిన వాటిలో మొదటిది. వెంటపడి, బెదిరించి, చివరికి చంపినవాడి పనికి "ప్రేమ" అని పేరు పెట్టడం అది. "ప్రేమ నిరాకరించిందని చంపాడు" అన్న వాక్యం ఇంకా అన్యాయం, హంతకుడు చెప్పిన కారణాన్ని పత్రిక తన గొంతుతో చెప్పడమే కాక, హత్యకు ఆమె చేసిన పనిని కారణంగా చూపిస్తుంది. "వెంటపడి వేధిస్తున్న వ్యక్తి యువతిని చంపాడు" అని రాసి చూడండి. మాట మారగానే విలేకరి అడగాల్సిన ప్రశ్న కూడా మారుతుంది: వేధింపుల గురించి ముందే ఫిర్యాదు ఉందా, ఉంటే ఎవరేం చేశారు?

చేసినవాడు వాక్యంలో ఉండాలి. "యువతిపై అత్యాచారం" అన్న శీర్షికలో ఆమె ఒక్కతే ఉంది. "యువతిపై అత్యాచారం: ముగ్గురి అరెస్టు" అంటే అదనంగా రెండు మాటలే.

ఫొటోల దగ్గర మూడు చూడండి. కొలత ఎంత, స్కేలు పెట్టి కొలవండి. కింద పేరు ఉందా. వార్తకూ ఫొటోకూ సంబంధముందా. అత్యాచార వార్తకు మోకాళ్లలో ముఖం దాచుకున్న అమ్మాయి బొమ్మ వేయడం మానండి, సిగ్గుపడాల్సింది ఆమేనని ఆ బొమ్మ చెబుతుంది. కోర్టు భవనమో, మ్యాపో వేయండి. వీడియో థంబ్‌నెయిల్స్‌కు ఒకటే నియమం: పైన రాసే మాట ఆమె నిజంగా అన్న మాటల్లోంచే రావాలి. జీతాల గురించి మాట్లాడిన నటి వీడియోకు "హాట్ కామెంట్స్" అని పెట్టడం చూసేవాళ్లను కూడా మోసం చేయడమే.

ఇప్పుడు గది

మూడు నెలల అసైన్‌మెంట్ రిజిస్టర్ తీయండి. లెక్క మొదలుపెట్టక ముందే "పెద్ద పని" అంటే ఏమిటో రాసుకోండి: మొదటి పేజీ పతాక వార్త, ఎన్నికలు, బడ్జెట్, బయటి ప్రయాణం, పెద్ద నాయకుల ఇంటర్వ్యూ. తర్వాత నిర్వచిస్తే, ఆడవాళ్లు చేసిన పనులు ఒక్కొక్కటీ ఆ జాబితాలోంచి జారిపోతాయి. ఇది మామూలుగా జరిగేదే. ఎరిక్ ఊల్‌మన్, జెఫ్రీ కోహెన్ అనే పరిశోధకులు 2005లో ప్రచురించిన ప్రయోగంలో పోలీసు చీఫ్ ఉద్యోగానికి మగ అభ్యర్థికి ఏ అర్హత ఉంటే అదే ముఖ్యమని ఎంపికచేసేవాళ్లు తేల్చారు. చదువుంటే చదువు, వీధుల్లో పనిచేసిన అనుభవముంటే అనుభవం. ప్రమాణాలు ముందే ఖాయం చేయించినప్పుడు ఆ వివక్ష పోయింది. ఉద్యోగాలకు, ప్రమోషన్లకు, అసైన్‌మెంట్లకు ఇదే సూత్రం: ముందు ప్రమాణం, తర్వాత పేర్లు.

పెద్ద పని ఎవరికి వెళ్తోందో చూస్తే ఒక మామూలు కారణం కనబడుతుంది. పెద్ద వార్త హఠాత్తుగా వచ్చే వేళ ఎడిటర్ ఎదురుగా ఎవరు కూర్చుంటే వారికే పని పడుతుంది. రాత్రి షిఫ్టుల నుంచి ఆడవాళ్లను "భద్రత కోసం" తప్పించిన చోట ఆ కుర్చీలో మగవాళ్లే ఉంటారు. మొదటి పేజీ పెట్టడం నేర్చుకునేది రాత్రి డెస్కులోనే. అది రాకపోతే న్యూస్ ఎడిటర్ కాలేరు. తప్పించడం కాక ఇంటి గుమ్మం దాకా వాహనం, ఆఫీసులో వెలుతురు, తలుపు పడే టాయిలెట్, ఒంటరిగా వేయని రోస్టర్ ఇవ్వండి. అప్పుడు ఎవరు ఏ షిఫ్టు చేస్తారో వాళ్లే చెబుతారు.

సమావేశాలనూ లెక్కపెట్టాలి. నాలుగు ఎడిటోరియల్ మీటింగులు తీసుకోండి, లెక్క జరుగుతోందని ముందే చెప్పండి. మొదటిది పారేయండి, అందులో అందరూ జాగ్రత్తగా ఉంటారు. మిగతా మూడింట్లో ఎవరెంతసేపు మాట్లాడారు, ఎవరి మాట మధ్యలో తెగింది, ఒకరు చెప్పిన ఐడియా ఇంకొకరి పేరు మీద ఎప్పుడు ఆమోదం పొందింది, నోట్సు ఎవరు రాశారు, గీతలు గీసుకోండి.

ఆ నోట్సు సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. మినిట్స్ రాయడం, వీడ్కోలు సభ ఏర్పాటు, కొత్తవాళ్లకు సిస్టం చూపించడం, ఇవేవీ ప్రమోషన్‌లో లెక్కకు రాని పనులు. ఆర్థికవేత్త లిండా బాబ్‌కాక్ బృందం 2017లో ప్రచురించిన ప్రయోగాల్లో, స్త్రీపురుషులు కలిసున్న గుంపుల్లో ఇలాంటి పనికి ఆడవాళ్లే ఎక్కువగా ముందుకొచ్చారు. అందరూ మగవాళ్లున్న గుంపుల్లో మాత్రం మగవాళ్లూ అంతే ముందుకొచ్చారు. అంటే ఆడవాళ్లుంటే వాళ్లే చేస్తారని అందరూ ఎదురుచూస్తారు. కాబట్టి "ఎవరు చేస్తారు?" అని అడగడమే తప్పు. అక్షర క్రమంలో వంతులు వేసి గోడకు అంటించండి.

ఇంటర్వ్యూలో అందరికీ అవే ప్రశ్నలు, అదే వరసలో. ప్రతి జవాబుకూ అప్పటికప్పుడే మార్కు వేయాలి, చర్చ ఆ తర్వాత. పెళ్లి, పిల్లలు, "రాత్రిళ్లు ఇంట్లో ఒప్పుకుంటారా" అన్నవి ఎవర్నీ అడగొద్దు. పాత జీతం కూడా అడగొద్దు, వెనకటి ఆఫీసులో జరిగిన అన్యాయాన్ని మీరు కొనుక్కున్నట్టవుతుంది. ప్యానెల్లో ఒక మహిళను కూర్చోబెడితే సరిపోతుందనుకోకండి. 2012లో కొరిన్ మాస్-రాకుసిన్ బృందం 127 మంది సైన్సు అధ్యాపకులకు ఒకే దరఖాస్తును కొందరికి జాన్ పేరుతో, కొందరికి జెనిఫర్ పేరుతో పంపింది. జాన్‌కే ఎక్కువ సామర్థ్యం ఉందన్నారు, ఎక్కువ జీతం ప్రతిపాదించారు. అలా అన్నవాళ్లలో మహిళా అధ్యాపకులూ ఉన్నారు.

ఉద్యోగుల పనితీరు మీద రాసే వార్షిక నివేదికల్లో ఒక్క నియమం పెట్టండి: విశేషణం రాస్తే దాని పక్కన తేదీతో సంఘటన రాయాలి. ఒకే గుణం అతనిలో "ముక్కుసూటితనం", ఆమెలో "నోటిదురుసు" అయిపోతుంది. "అందరితో సర్దుకుపోతుంది" అన్నది మెచ్చుకోలుగా రాస్తారు, పెద్ద బాధ్యత అడిగినప్పుడు అదే వాక్యం అడ్డం వస్తుంది. సంఘటన రాయమంటే సగం విశేషణాలు అవే రాలిపోతాయి.

జీతం

పేర్లు తీసేసి, ఉద్యోగి సంఖ్యతో పట్టిక చేయండి. మూలవేతనం, అలవెన్సులు, బోనస్ విడివిడిగా ఉండాలి. తేడా ఎక్కువగా దాక్కునేది మూలవేతనంలో కాదు, "విచక్షణతో" ఇచ్చే వాటిలో. బయటినుంచి రాసేవాళ్లకు ఇచ్చే పారితోషికాలనూ చేర్చండి.

రెండు అంకెలు తీయాలి. మొదటిది మొత్తం తేడా: మగవాళ్ల మధ్యస్థ జీతంలోంచి (జీతాలన్నీ వరసగా పేరిస్తే సరిగ్గా నడుమ వచ్చేది) ఆడవాళ్లది తీసేసి, మగవాళ్లదానితో భాగించాలి. 50,000, 41,000 అయితే తేడా 18 శాతం. సగటు కాక మధ్యస్థం ఎందుకంటే పైనున్న ఒకరిద్దరి పెద్ద జీతాలు సగటును లాగేస్తాయి. రెండోది సమాన పనిలో తేడా. హోదా పేరు చూసి గుంపులు కట్టొద్దు. ఒకే విలువగల పనికి సమాన వేతనం అని అంతర్జాతీయ కార్మిక సంస్థ 100వ ఒడంబడిక 1951లోనే చెప్పింది. విలువను నాలుగింటితో తూచండి: నైపుణ్యం, శ్రమ, బాధ్యత, పని పరిస్థితులు. అనుబంధ సంచికల ఇన్‌చార్జికీ క్రీడల డెస్కు ఇన్‌చార్జికీ పేర్లు వేరు, ఈ నాలుగింట్లో ఒకటే కావచ్చు.

ఈ రెండో లెక్క ఎంత దూరం వెళ్తుందో బ్రిటన్ టీవీ వ్యాఖ్యాత సమీరా అహ్మద్ కేసు చూపిస్తుంది. బీబీసీలో ప్రేక్షకుల అభిప్రాయాల కార్యక్రమానికి ఆమెకు ఎపిసోడ్‌కు 440 పౌండ్లు ఇచ్చారు. అలాంటిదే మరో కార్యక్రమానికి జెరెమీ వైన్‌కు 3,000 పౌండ్లు ఇచ్చారు. ఆయన ఎక్కువ పేరున్న వ్యక్తి, కార్యక్రమాల తీరు వేరు అని సంస్థ వాదించింది. ఆ తేడాకు కారణం లింగభేదం కాదని సంస్థ రుజువు చేయలేకపోయిందని 2020 జనవరిలో ఉద్యోగ వివాదాల ట్రిబ్యునల్ తీర్పిచ్చింది. మీ పట్టికలో తేడా ఎదురైనప్పుడు "ఆయన సీనియర్", "ఆయనకు పేరుంది" అన్న జవాబులు వస్తాయి. ఒక్కోదానికీ అడగండి: ఇది నియామకం రోజున ఎక్కడైనా రాసి ఉందా, అదే లెక్క ఆమెకూ వేశారా?

రెండో అంకె సున్నా దగ్గరగా, మొదటిది పెద్దగా వస్తే జీతాల్లో కాదు, మెట్లలో తేడా ఉంది. అప్పుడు చేరిన రోజునుంచి మొదటి ప్రమోషన్‌కు ఎన్ని నెలలు పట్టిందో, ప్రసూతి సెలవు తర్వాత పాత బీటు తిరిగి దక్కిందో లేదో చూడండి. ఐదుగురికన్నా తక్కువున్న గుంపు అంకెలు బయటపెట్టొద్దు, ఎవరి జీతమో తెలిసిపోతుంది.

ఫోన్ ఎత్తేవాళ్లను మార్చడం

నిపుణుల శాతం పెరగాలంటే విలేకరి ఫోనులో నంబర్లు మారాలి. డెడ్‌లైన్ మీదున్నవాళ్లు ఎప్పుడూ ఎత్తే నంబరుకే చేస్తారు, అందులో దురుద్దేశం లేదు. కాబట్టి నంబర్లు అవసరం రాకముందే సంపాదించాలి. ఒక్కో విలేకరి నెలకు ఇద్దరు కొత్త మహిళా నిపుణులతో మాట్లాడి, ఉమ్మడి జాబితాలో రాయాలి: విషయం, ఏ వేళ దొరుకుతారు, కెమెరా ముందుకు వస్తారా, ఫోనులో చాలా. వాళ్ల నంబరు ఉమ్మడిగా పెట్టడానికి అనుమతి అడగడం మర్చిపోవద్దు.

"దీనికి నేను సరైనదాన్ని కాదండీ" అన్న జవాబు తరచుగా వస్తుంది. వెంటనే పెట్టేయకుండా "మరి ఇందులో మీరు పనిచేసిన భాగం ఏది?" అని అడగండి, మాట అక్కడినుంచి సాగుతుంది. ప్రశ్నలు ముందే పంపండి, కనీసం కొన్ని గంటల వ్యవధి ఇవ్వండి. సంస్థను అడిగేటప్పుడు "ఎవరైనా మాట్లాడతారా" అంటే పైఅధికారి వస్తారు. "ఈ పని చేసినవారితో మాట్లాడాలి" అనండి. ఆమెను మహిళల సమస్యల మీద మాత్రమే పిలవొద్దు. ఆర్థికవేత్తను మహిళా దినోత్సవానికి పిలిచి, బడ్జెట్ రోజున మర్చిపోవడం బాగా అలవాటైన తప్పు.

పిలిచాక వచ్చే తిట్ల బాధ్యత కూడా మీదే. 2020లో యునెస్కో, ఐసీఎఫ్‌జే (అంతర్జాతీయ జర్నలిస్టుల కేంద్రం) చేసిన సర్వేలో జవాబిచ్చిన మహిళా జర్నలిస్టుల్లో 73 శాతం ఆన్‌లైన్ హింస ఎదుర్కొన్నామన్నారు. ఆమె వీడియో కింద కామెంట్లు ఆమె చదవకూడదు, ఇంకొకరు చూసి తీసేయాలి. బెదిరింపులుంటే తీసేసే ముందు లింకు, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయాలి. ఆఫీసు లోపలి వేధింపులకూ ఇలాగే, తేదీ, చోటు, అన్న మాటలు ఉన్నదున్నట్టు, చూసినవాళ్లు, అదే రోజు రాసుకోవాలి. ఫిర్యాదు చేయడానికి కనీసం రెండు దారులుండాలి, ఒక దారి చివర తన బాసే కూర్చుని ఉండొచ్చు కదా. ఏడాదంతా ఒక్క ఫిర్యాదూ రాలేదంటే అంతా బాగుందనుకోకుండా, ఆ దారి ఎవరికైనా తెలుసా అని పదిమందిని అడగండి.

మళ్లీ లెక్క

నిపుణుల అంకె, పెద్ద పనుల అంకె నెలనెలా తీయండి. మొత్తం లెక్క ఏడాదికోసారి. అంకెలు విభాగాలవారీగా గోడమీద పెట్టండి, విలేకరుల పేర్లతో వద్దు. పేరు పెడితే కొందరు వార్త చివర అక్కర్లేని ఒక మహిళ మాట అతికించి గడి నింపుతారు. అలా జరుగుతోందో లేదో పదాల కాలమ్ చెబుతుంది: స్త్రీల సంఖ్య పెరిగి, ఒక్కొక్కరి మాట పొడవు తగ్గుతోందంటే అదే. ఎవరైనా సెలవులో వెళ్తే లెక్క ఆగకుండా ప్రతి షీటుకూ ఇద్దరు బాధ్యులుండాలి, అందులో ఒకరు మగవారై ఉండాలి. నిర్వచనాలు మధ్యలో మార్చాల్సి వస్తే, ఆ నెల పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ రెండుసార్లు లెక్కపెట్టి, తేడా ఎంతో షీటు మీదే రాసిపెట్టండి. లేకపోతే వచ్చే ఏడాది అంకె పెరిగినప్పుడు, మారింది పేజీయో లెక్కో ఎవరూ చెప్పలేరు.